ఆమ్ల-క్షార అంశమాపనంలో కంప్యూటర్ గణన: సిద్ధాంత వక్రరేఖ, కొలత

ఆమ్ల-క్షార అంశమాపన వక్రరేఖను కంప్యూటర్‌తో గణించడం నేడు డిగ్రీ విద్యార్థికి సైతం సాధ్యమే. అయితే ఈ గణన బ్యూరెట్టుకు ప్రత్యామ్నాయంగా కాక, కొలతను పరీక్షించే సాధనంగా ఎదిగిందని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

గణన పద్ధతి

1908లో హెండర్సన్ బఫర్ సమీకరణాన్ని రూపొందించాడు. 1909లో సోరెన్‌సెన్ పీహెచ్ మానాన్ని ప్రతిపాదించాడు. ఆ రెంటినీ కలిపి హాసెల్‌బాల్ఖ్ ఇచ్చిన లాగరిథమ్ రూపం వక్రరేఖ మధ్యభాగానికి చక్కగా వర్తిస్తుంది. కాని నీటి నుండి వచ్చే అయాన్లను విస్మరించడం వల్ల తుల్యతా బిందువు వద్ద విఫలమవుతుంది. విద్యుదావేశ సమతుల్యతను పూర్తిగా పాటిస్తే, ఏకక్షారత గల బలహీనామ్లానికి కూడా పీహెచ్ కోసం ఘన సమీకరణాన్ని సాధించవలసి వస్తుంది. దీనికి సులభ మార్గం, పీహెచ్‌ను ముందుగా ఎంచుకొని, దానికి కావలసిన క్షార ఘనపరిమాణాన్ని నేరుగా గణించడం. 0.1 మోలార్ ఎసిటిక్ ఆమ్లాన్ని అంతే గాఢత గల సోడియం హైడ్రాక్సైడ్‌తో అంశమాపనం చేస్తే ఆరంభ పీహెచ్ సుమారు 2.88, సగం తటస్థీకరణ వద్ద 4.76, తుల్యతా బిందువు వద్ద 8.73గా లభిస్తాయి.

ఆంధ్ర విశ్వవిద్యాలయ కృషి

1967లో స్వీడన్‌కు చెందిన సిలెన్ బృందం ప్రకటించిన హాల్టాఫాల్, 1970వ దశకంలో గాన్స్, సబాటిని, వక్కా రూపొందించిన మినిక్వాడ్ అనే ప్రోగ్రాములు సంక్లిష్ట సమతాస్థితుల గణనకు దారి వేశాయి. 1989లో జి. నాగేశ్వరరావు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి సమర్పించిన సిద్ధాంత గ్రంథం ఈ పరంపరలోనిదే. ఆ పరిశోధన వర్గం ఎస్‌సీపీహెచ్‌డీ అనే ప్రోగ్రాముతో అంశమాపన దత్తాంశాన్ని కృత్రిమంగా గణించి, ప్రయోగ దత్తాంశంతో పోల్చింది. రెంటి వ్యత్యాసం నుండి గాజు ఎలక్ట్రోడుకు సవరణ గుణకాన్ని రాబట్టింది. ద్రవసంధి పొటెన్షియల్, సోడియం అయాన్ దోషం, కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్ వంటి వాటి ప్రభావం ఆ గుణకంలో ఇమిడి ఉంటుంది. అంటే ఇక్కడ గణిత వక్రరేఖ పరికరాన్ని తూచే తూనికరాయి అయింది.

గోనెగండ్ల నీటికి అన్వయం

ఈ దృష్టి జిల్లా కళాశాలల ప్రయోగశాలకూ అవసరం. గోనెగండ్ల మండలంలో హంద్రీ నదిపై ఉన్న గాజులదిన్నె జలాశయపు నీటిని ఒక విద్యార్థి విలీన సల్ఫ్యూరిక్ ఆమ్లంతో అంశమాపనం చేశాడనుకుందాం. సహజ జలాల క్షారత్వానికి ప్రధాన కారణం బైకార్బొనేట్. కార్బానిక్ ఆమ్లపు 6.35, 10.33 అనే పీకే విలువలతో గణించిన వక్రరేఖ, వాయువు బయటికి పోని సంవృత వ్యవస్థను ఊహిస్తుంది. తెరచి ఉన్న బీకరులో కలియబెట్టినప్పుడు కార్బన్ డయాక్సైడ్ వెలువడి, కొలిచిన పీహెచ్ గణించినదానికంటే ఎక్కువగా ఉంటుంది. ఇది విద్యార్థి పొరపాటు కాదు, ఊహకు, వాస్తవానికి మధ్య ఉన్న దూరం.

ముగింపు

కొలతలను గణిత వక్రరేఖకు సరిపోయేటట్లు దిద్దితే ఆ నీటిని గురించి కొత్తగా తెలిసేదేమీ ఉండదు. వ్యత్యాసాన్ని దాచక నమోదు చేసి, కారణాన్ని అన్వేషించడమే ఈ గణన చరిత్ర నేర్పే పాఠం.