అడివి నించి ఇంటికి

యుద్ధాల చరిత్ర రాసేవాళ్ళకి ఒక అలవాటుంది. పోరు ఎప్పుడు మొదలైందీ, ఎందరు పోయిందీ, ఎప్పుడు ఆగిందీ రాసి కలం మూసేస్తారు. ఆగిన మర్నాడు పొద్దున్న ఎవరు ఏ గుమ్మం ముందు నిలబడ్డారో, లోపలివాళ్ళు తలుపు తీశారో లేదో రాయరు. నవలలు రాసుకునే నాకేమో అసలు కథ అక్కడే మొదలవుతుందనిపిస్తుంది.

తెలంగాణా సాయుధ పోరాటం సంగతే చూడండి. 1946 జూలైలో కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన నాటి నించి 1951 అక్టోబరులో విరమించేదాకా అయిదేళ్ళు. చదువుకునే రోజుల్లో మా చరిత్ర పాఠంలో ఆడవాళ్ళకి దక్కింది ఒకే ఒక్క వాక్యం: స్త్రీలు కూడా పాల్గొన్నారని. ఆ 'కూడా' అన్న మాట గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. దళాల్లో తుపాకీ పట్టినవాళ్ళు, చీటీలు చేరవేసినవాళ్ళు, గాయాలకి కట్లు కట్టినవాళ్ళు, 'డెన్లు' నడిపినవాళ్ళు, అందరూ ఆ 'కూడా'లో ఇరుక్కుపోయారు. డెన్ అంటే రహస్యంగా తలదాచుకునే ఇల్లు. ఒట్టి మగవాళ్ళే ఉంటే ఇరుగుపొరుగుకి అనుమానం. అంచేత వాకిట్లో ముగ్గేసి, పొయ్యి రాజేసి, కాపురంలా కనబడేందుకు ఒక ఆడమనిషి ఉండాలి. విప్లవంలో వంట తప్పలేదన్నమాట!

పోరాటం ఆగింది. 1952 ఎన్నికల్లో రావి నారాయణరెడ్డిగారు నల్లగొండ నించి నెహ్రూగారి కంటే ఎక్కువ ఓట్లతో గెలిచారని అందరూ చెప్పుకుంటారు. ఆరుట్ల కమలాదేవిగారు ఆలేరు నించి శాసనసభకి వెళ్ళారు. రాజక్క పేరుతో తిరిగి, తలమీద పదివేల రూపాయల వెల మోసిన మల్లు స్వరాజ్యంగారు 1978లో తుంగతుర్తి నించి గెలిచారు. ఆ తర్వాత? వేళ్ళు మిగిలిపోతాయి, లెక్కపెట్టడానికి పేర్లు ఉండవు.

మిగతావాళ్ళు ఏమయ్యారో 1986లో వచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' చదివితే తెలుస్తుంది. స్త్రీశక్తి సంఘటన వాళ్ళు ఆ ఆడవాళ్ళ ఇళ్ళకి వెళ్ళి, వాళ్ళ నోటితోనే చెప్పించి వేసిన పుస్తకం. ఇక ఇళ్ళకి వెళ్ళి సంసారాలు చూసుకోమన్నారట. ఏ ఇల్లు? అడివిలో మగాళ్ళతో తిరిగొచ్చిన పిల్లకి పుట్టిల్లు ఉంటుందా, అత్తిల్లు దొరుకుతుందా? అడివిలో బిడ్డని కని, ఏడుపు వినబడితే దళమంతా దొరికిపోతుందని ఆ పసిగుడ్డుని పరాయివాళ్ళ చేతిలో పెట్టిన తల్లి ఏ సంసారానికి వెళ్ళాలి?

పింఛను లేదా అంటారేమో. స్వాతంత్ర్య సమరయోధులకి కేంద్రం 1972లో పింఛను పెట్టింది. హైదరాబాదు సంస్థానం విలీనం కోసం సాగిన ఉద్యమాన్ని కూడా తర్వాత అందులో చేర్చింది. అయితే జైల్లో ఉన్నట్టో, అజ్ఞాతంలో ఉన్నట్టో కాగితం చూపించాలి. అజ్ఞాతానికి రుజువు ఏమిటయ్యా అంటే, పట్టిస్తే బహుమానమని ప్రకటించి ఉండాలి, లేదా వారెంటు పుట్టి ఉండాలి. గంపలో అన్నం కింద చీటీ దాచి తీసుకెళ్ళిన ఆవిడ మీద వారెంటు ఎవరు రాస్తారండీ? దొరకలేదు కనకే కదా ఆవిడ పని నెగ్గింది! ఇక 1948 సెప్టెంబరు తర్వాతి మూడేళ్ళ మాట ఎత్తకండి. అప్పుడు ఎదురుగా ఉన్నది మన సైన్యమే.

నాకు ఎప్పుడూ మనసులో మెదిలేది కొండపల్లి కోటేశ్వరమ్మగారు. 1918లో కృష్ణాజిల్లా పామర్రులో పుట్టారు. బాల్యంలోనే వైధవ్యం, తర్వాత కొండపల్లి సీతారామయ్యగారితో పునర్వివాహం. ఒంటిమీది బంగారం పార్టీకి ఇచ్చేశారు. అజ్ఞాతంలో ఊరూరా డెన్లు నడిపారు. అదంతా అయ్యాక భర్త వేరైపోయారు. ఇద్దరు పిల్లలు, చేతిలో చదువు లేదు, వయసు ముప్పై అయిదు ప్రాంతం. పిల్లల్ని తల్లి దగ్గర వదిలి హైదరాబాదు వచ్చి ఆంధ్ర మహిళాసభలో మెట్రిక్కి కూర్చున్నారు.

ఇక్కడొక తమాషా ఉంది. ఆ సభ పెట్టింది దుర్గాబాయిగారు. కోటేశ్వరమ్మగారి సహచరుల్ని వేటాడిన ప్రభుత్వం కాంగ్రెసుది, దుర్గాబాయిగారూ కాంగ్రెసే. కాని ఆవిడ తాను కూడా ఉప్పు సత్యాగ్రహంలో జైలుకి వెళ్ళి, బయటికొచ్చాకే కాశీ విశ్వవిద్యాలయం మెట్రిక్ పాసైన మనిషి. జైలు నించి వచ్చిన ఆడదానికి ఏం కావాలో ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేదు. సన్మానాలు కాదు, దండలు కాదు. ఒక సర్టిఫికెట్టు, ఉండడానికో గది, తర్వాత ఒక ఉద్యోగం. పార్టీ ఆలోచించని సంగతి మహిళాసభ ఆలోచించింది. ఇది రాస్తే కొందరికి కోపం రావచ్చు, రానివ్వండి.

కోటేశ్వరమ్మగారు పాసయ్యారు. కాకినాడ పాలిటెక్నిక్ అమ్మాయిల హాస్టల్లో మేట్రన్‌గా చేరారు. కొడుకునీ కూతుర్నీ కూడా పోగొట్టుకుని, తొంభై దాటాక 2012లో 'నిర్జన వారధి' రాశారు. 2018లో నూరేళ్ళు నిండాక వెళ్ళిపోయారు.

మా హాస్టల్లోనూ ఒక మేట్రన్ ఉండేది, తెల్లచీర, గట్టి గొంతు. రాత్రి తొమ్మిదింటికి దీపాలు ఆర్పించేది. మూడేళ్ళు ఆవిడని ఆడిపోసుకున్నాం. మీదే ఊరండీ, ఇక్కడికెలా వచ్చారండీ అని ఒక్కరం అడగలేదు.