ఆకతాయి

చిన్న స్టేషన్ ఒకటి దాటిన కాసేపటికి రాయి పడింది. నా ముందు వరుసలో, కిటికీ పక్కన కూర్చున్న పెద్దావిడ చెవి దగ్గరే టపాకాయ పేలినట్టు చప్పుడు. అద్దం ఊడి పడలేదు. సాలెగూడులా చిట్లి, నడిమధ్య రూపాయి బిళ్లంత గుంట పడింది. లోపలి పొర నుంచి రాలిన గాజుపొడి ఆవిడ జుట్టులో, భుజం మీద మెరుస్తోంది. మనవరాలు వణుకుతున్న వేళ్లతో ఒక్కొక్క పలుకే ఏరుతోంది. టీసీ వచ్చి అద్దం తడిమి చూశాడు. "ఎవరో ఆకతాయిలు లెండమ్మా" అన్నాడు.

ఓదార్పుగానే అన్నాడు. ఆవిడ కూడా తలూపి కొంగు సర్దుకుంది. పెట్టెలో అందరికీ ఆ మాటతో కొంత తేలికైంది. నాకు మాత్రం ఆ తేలికే గుచ్చుకుంది. కొంచెం అటూ ఇటూ అయితే కన్ను పోయేది. ఆ పని చేసినవాణ్ని మనం పిలిచిన పేరు, మామిడికాయలు కోసుకుని గోడ దూకి పారిపోయే కుర్రాణ్ని మా అమ్మమ్మ పిలిచిన పేరు, ఒక్కటే.

ఆకతాయి అచ్చతెలుగు మాటలా వినిపిస్తుంది గానీ అది సంస్కృతపు 'ఆతతాయి'. పక్కపక్కనే ఉన్న రెండు తకారాల్లో మొదటిది మన నోట కకారమైంది. ఆతతం అంటే లాగి బిగించినది. నారి సారించిన విల్లుతో, చంపడానికి సిద్ధపడి ఎదురొచ్చేవాడు ఆతతాయి. ధర్మశాస్త్రాలు ఆ మాట కిందికి ఆరుగురిని చేర్చాయి: కొంపకు నిప్పు పెట్టేవాడు, విషం పెట్టేవాడు, ఆయుధం పట్టి మీదికొచ్చేవాడు, సొమ్ము దోచేవాడు, పొలం లాక్కునేవాడు, భార్యను ఎత్తుకుపోయేవాడు. మనుస్మృతి ఇంకో అడుగు ముందుకు వేసింది. మీదికొచ్చిన ఆతతాయి గురువైనా, పిల్లవాడైనా, ముసలివాడైనా, వేదం చదివిన బ్రాహ్మణుడైనా ఆలోచించకుండా చంపవచ్చంది. భగవద్గీత మొదటి అధ్యాయంలో అర్జునుడు కౌరవులను ఈ మాటతోనే పిలిచాడు. శాస్త్రం ఆలోచించవద్దన్నచోటే అతను ఆలోచించాడు. వీళ్లు ఆతతాయిలే, అయినా చంపితే మనకు పాపమే కదా అని విల్లు కింద పెట్టాడు. ఆ మాటను అంత బరువుగా తూచినవాడు నాకు ఇంకొకడు కనిపించలేదు.

తెలుగులోకి వచ్చాక ఆ విల్లు చేతిలోంచి జారిపోయింది. విషం, నిప్పు, దోపిడీ అన్నీ పోయి తుంటరితనం మిగిలింది. ఆకతాయి చేష్టలు, ఆకతాయి వెధవ, ఆకతాయి ఫోన్‌కాల్. పత్రికలవాళ్లకు ఇంతకంటే అక్కరకొచ్చే మాట లేదు. కాలేజీ దారిలో అమ్మాయిల వెంటపడి చున్నీ లాగినవాళ్లూ ఆకతాయిలే, రైలు మీద రాయి విసిరినవాళ్లూ ఆకతాయిలే. 2023 జనవరిలో విశాఖ కంచరపాలెం దగ్గర, ఇంకా ప్రారంభమే కాని వందేభారత్ రైలు అద్దాలు రాళ్లతో పగిలితే ఈ మాటే నడిచింది. చున్నీ లాగించుకున్న అమ్మాయి ఇంటికెళ్లి ఏడుస్తుంది. మర్నాడు ఆ దారి మానేస్తుంది, ఒక్కోసారి చదువే మానేస్తుంది. ఆమెకు వాడు ఆకతాయి కాడు, తకారం మారని ఆతతాయే.

ఇంగ్లిషువాళ్ల హూలిగన్ నడిచిన దారి వేరు. 1898 వేసవిలో లండన్ పత్రికల్లో, వీధి కొట్లాటల కేసుల వార్తల్లో అది ఒక్కసారిగా కనబడింది. ఐరిష్ ఇంటిపేరులా ధ్వనించే మాట. ఇరవై అయిదేళ్లు తిరక్కుండానే రష్యాలో శిక్షాస్మృతికి ఎక్కింది. 1922 నాటి సోవియట్ చట్టంలో హూలిగన్‌తనం ఒక నేరం. 2012లో మాస్కో చర్చిలో పాట పాడిన ముగ్గురు యువతులను జైలుకు పంపిన నేరం పేరు కూడా అదే. పేరులోనే తీర్పు ఉన్న మాట చట్టంలోకి వస్తే ఎవరి మెడకైనా సరిపోతుంది.

ఆ మాటకు ఫుట్‌బాల్ తోడైన కాలంలో నెత్తురు నిజంగానే పారింది. 1985 మే 29న బ్రస్సెల్స్‌లోని హైసెల్ స్టేడియంలో లివర్‌పూల్ అభిమానులు యువెంటస్ వాళ్ల మీదికి దూకారు. గోడ కూలింది, 39 మంది చనిపోయారు. అది తుంటరితనం కాదు. ఇంగ్లండు క్లబ్బులను యూరప్ పోటీల నుంచి అయిదేళ్లు వెలివేశారు. అలాంటి అల్లరిమూకలకు భయపడే ఇంగ్లండు స్టేడియాల్లో ప్రేక్షకుల ముందు అప్పటికే ఇనుప కంచెలు నిలిపి ఉన్నారు. హైసెల్ జరిగిన నాలుగేళ్లకు, 1989 ఏప్రిల్ 15న, షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో స్టేడియంలో ఆ కంచెకే జనం నలిగిపోయారు. ఇరుకైన అరలోకి మితిమీరిన జనం చేరారు. ఊపిరాడక కంచె ఎక్కుతున్నవాళ్లు పోలీసుల కంటికి మైదానంలోకి దూకుతున్న అల్లరిమూకలా కనిపించారు. చివరి లెక్క 97 మంది. వారిలో పదేళ్ల పిల్లవాడున్నాడు. బయటి గేటు తెరిపించింది పోలీసులే, అభిమానులే విరగ్గొట్టారని చెప్పిందీ పోలీసులే. నాలుగు రోజులకు ఒక పత్రిక, శవాల జేబులు కొట్టేశారని మొదటి పేజీలో అచ్చేసింది. తప్పు అభిమానులది కాదని జ్యూరీ చెప్పడానికి 2016 దాకా పట్టింది. ఇరవై ఏడేళ్లు! పిల్లలను పోగొట్టుకున్న తల్లులు ఆ ఒక్క పేరు తుడవడానికే ముసలివాళ్లయ్యారు.

ఆకతాయినీ హూలిగన్‌నీ పక్కపక్కన పెట్టుకున్నప్పుడల్లా నాకు మన హైదరాబాద్ గుర్తొస్తుంది. 1969 అక్టోబరు, ఫతే మైదాన్ అని పాతవాళ్లు పిలిచే లాల్‌బహదూర్ స్టేడియం, న్యూజీలాండ్‌తో టెస్టు. మన జట్టు 49 పరుగులకు తొమ్మిది వికెట్లు పోగొట్టుకుంది. వెంకటరాఘవన్, బేడీ చివరి జోడీగా నిలబడి 89 దాకా లాగారు. ఆ సంబరంలో ఒక కుర్రాడు మైదానంలోకి పరిగెత్తాడు. కాపలా ఉన్న పోలీసు లాఠీతో కొట్టాడు. తల పగిలి నెత్తురు కారింది. అది చూసిన జనం రెచ్చిపోయి కుర్చీలు విరిచారు, నిప్పు పెట్టారు.

ఆ కాసేపట్లో మాట రూపాలన్నీ ఒకే పచ్చిక మీదికి వచ్చి చేరాయి. పరిగెత్తిన కుర్రాడు ఆకతాయి, మా అమ్మమ్మ చెప్పిన అర్థంలో. చేతిలో కర్రతో మీదికొచ్చినవాడు ఎవరు? నిప్పు పెట్టినవాడు? శాస్త్రం చెప్పిన ఆరుగురిలో మొదటివాడే నిప్పు పెట్టేవాడు. కానీ మర్నాటి మాటల్లో వీళ్లంతా ఒకే రాశిలో పడతారు: 'అల్లరిమూకలు'. దెబ్బ తిన్నవాడు, కొట్టినవాడు, తగలబెట్టినవాడు, భయపడి పిల్లను చంకనేసుకుని గేటు వైపు పరిగెత్తిన తండ్రి, అందరికీ ఒకటే గంప.

సంస్కృతంలో ఆ పేరు పడితే చాలు, విచారణ లేకుండా చంపవచ్చు. తెలుగులో ఆ పేరు పడితే చాలు, విచారణ లేకుండా వదిలేయవచ్చు. ఇన్నేళ్ల ప్రయాణంలో అర్థం తలకిందులైంది గానీ ఆ తొందర అలాగే ఉంది. ఎవడు, ఏం చేశాడు, ఎవరికి తగిలింది అనే ప్రశ్న రెండుచోట్లా ఎగిరిపోయింది. లండన్ మాట కూడా హిల్స్‌బరోలో చేసింది ఇదే. పత్రికల్లో పనిచేసే మాలాంటివాళ్లం ఈ మాటను రోజూ చేతికందినట్టు వాడేస్తాం. శీర్షికలో ఇట్టే ఇముడుతుంది, ఎవరికీ కోపం రాదు. ఎన్నిసార్లు రాశానో లెక్కపెడితే నాకు బాధగా ఉంటుంది.

మన రైల్వే చట్టం ఈ విషయంలో మనకంటే మెరుగ్గా మాట్లాడింది. 1989 నాటి ఆ చట్టం 152వ సెక్షన్‌లో ఆకతాయి లేడు, గూండా లేడు. ప్రయాణికులకు దెబ్బ తగలాలని గానీ, తగలొచ్చని తెలిసి గానీ రైలు మీద రాయో, కర్రో, మరొకటో విసరడం అని పని పేరు చెప్పి ఊరుకుంది. శిక్ష యావజ్జీవం దాకా ఉంది.

తర్వాతి పెద్ద స్టేషన్‌లో రైల్వే పోలీసు ఒకాయన ఎక్కాడు. పెద్దావిడకు కళ్లజోడు దొరకలేదు, మనవరాలి చేతికి గాజుపలుకు గుచ్చుకుని చుక్క నెత్తురు. "మీరు రాసిపెట్టండి సార్, సంతకం అమ్మగారు చేస్తారు" అని కాగితం నాకిచ్చాడు. అలవాటు కొద్దీ 'కొందరు ఆకతాయిలు' అని మొదలుపెట్టాను. కొట్టేశాను. కింద మళ్లీ రాశాను: 'సాయంత్రం అయిదు ఇరవైకి, ఎడమ వైపు, గట్టు మీద నుంచి ఒకరు రాయి విసిరారు. కిటికీ పక్కన ఉన్న ఈమె తలకు జానెడు దూరంలో అద్దం పగిలింది.' ఆవిడ కాగితం కళ్లకు దగ్గరగా పెట్టుకుని రెండుసార్లు చదువుకుంది. జానెడు కాదు నాయనా, బెత్తెడు అని దిద్దించి, సంతకం చేసింది.