ఇంజెక్టరు సీలు: ఒక చిన్న వలయపు చరిత్రము



నేడు ట్రాక్టరు దున్నని పొలమును, లారీ తిరుగని బాటయు అరుదు. ఆయిలింజను చప్పుడు నెరుగని పల్లె లేదు. ఈ యంత్రముల బలమును గూర్చి పలువురు చెప్పుదురు. కాని వాని ఇంజెక్టరు మొదట చిటికెన వ్రేలి యుంగరమంత రాగి వాషరొకటి, దానిపైని రబ్బరు వలయమొకటియో రెండో యుండును. వీనినే సీలులందురు. వ్యాకరణ తర్కములు చదివి బడిలో జీవితము గడపిన నాకు వీనితో నేమి పని యని మీరడుగవచ్చును. సూత్రమున నొక్క యక్షరము జారినచో అర్థమంతయు చెడునని పిల్లలకు బోధించితిని. ఆ న్యాయము ఇనుమునందును గలదని చూపుటయే ఈ ప్రసంగమునకు ప్రయోజనము.

మొదట ఇంజను చరిత్రము వినుడు. రుడాల్ఫ్ డీజిల్ అను జర్మను పండితుడు 1858లో పారిస్ నగరమున జన్మించెను. సైకిలు పంపు గట్టిగా కొట్టునప్పుడు దాని గొట్టము వేడెక్కుట మీరెరిగినదే. గాలిని అంతకంటె నెన్నో రెట్లు నొక్కి, ఆ వేడిలోనికి నూనెను చిమ్మినచో, నిప్పురవ్వ లేకయే అది మండును. ఈ తత్త్వము ననుసరించి ఆయన చేసిన యింజను 1897లో ఆగ్స్‌బర్గు నగరమున జయప్రదముగా నడచినది. 1900లో పారిస్ ప్రదర్శనమున అట్టి యింజను నొకదానిని వేరుసెనగ నూనెతో నడపి చూపిరి. ఈ మాట మన మెట్టరైతులకు వినసొంపుగా నుండును.

అయితే, అంతగా నొక్కబడిన గాలిలోనికి నూనెను పంపుటెట్లు? అంతకు మించిన బలముగల గాలితో దానిని లోనికి ఊదుచుండిరి. అందులకు వేరొక పెద్ద యంత్రము కావలసివచ్చెను గాన, అట్టి యింజనులు ఓడలకును కర్మాగారములకును తగియుండెనే గాని బండ్లకు తగవయ్యెను. 1927లో జర్మనీదేశపు బాష్ కంపెనీవారు నూనెను సూటిగా చిమ్ము పంపులను విరివిగా తయారుచేయ నారంభించిరి. నాటినుండి లారీలలో డీజిలింజను వాడుక విస్తరింపసాగెను. 1936లో మెర్సిడెస్ బెంజివారి కారునకును వచ్చెను. ఈ వైభవమును చూచుటకు డీజిల్ జీవించియుండలేదు. 1913 సెప్టెంబరు 29వ తేదీ రాత్రి ఇంగ్లండునకు పోవుచున్న యోడనుండి ఆయన అదృశ్యుడయ్యెను.

ఇక సీలు మాట. ఇంజెక్టరు కొన క్రింద అగ్ని. దాని చుట్టును చమురు. అగ్నివాయువు పైకి రాకుండ రాగి వాషరు కాచును. రాగి మెత్తనిది గాన, బిగించినప్పుడు నలిగి సందులను పూడ్చును. రబ్బరు వలయము చమురును నిలుపును. చెట్టుపాలతో చేసిన రబ్బరు పెట్రోలియపు నూనెలలో నానిన పప్పువలె ఉబ్బి చెడును. 1930 తరువాత జర్మను రసాయనజ్ఞులు నూనెకు తాళు నైట్రైల్ రబ్బరును సిద్ధము చేసిరి. ఆ కాలముననే డెన్మార్కులో పుట్టి అమెరికాలో స్థిరపడిన నీల్స్ క్రిస్టెన్సెన్ అను నాయన, డెబ్బదియేండ్లు దాటిన వయస్సున, రబ్బరు వలయమును గాడిలో నిముడ్చు పద్ధతికి 1939లో పేటెంటు పొందెను. దానిలోని చమత్కారమేమన, ఒత్తిడి హెచ్చినకొలది వలయము గాడి యంచునకు మరింత గట్టిగా అదుముకొనును. రెండవ ప్రపంచయుద్ధకాలమున విమానములయందు దానిని మిక్కిలిగా వాడిరి. వృద్ధాప్యము బుద్ధికి అడ్డుకాదని మనబోటి పెద్దలు దీనివలన గ్రహింపవచ్చును.

వలయము చెడినచో నేమగునో లోకము 1986 జనవరి 28వ తేదీన చూచినది. అమెరికావారి చాలెంజరు వ్యోమనౌక చలి యుదయమున బయలుదేరెను. చలికి బిరుసెక్కిన రబ్బరు వలయము రాకెట్టు అతుకును సరిగా మూయలేదు. రెండు నిమిషములైనను గడవకముందే నౌక ధ్వంసమై, ఏడుగురు ప్రాణములు గోల్పోయిరి. విచారణసభలో ఫైన్‌మన్ అను శాస్త్రజ్ఞుడు రబ్బరు ముక్కను మంచునీట ముంచి, అది తన సాగుడుగుణము కోల్పోవుట నందరికిని చూపెను.

మన యింజనులకును ఈ నీతియే వర్తించును. వాషరు చెడినచో ఇంజెక్టరు మొదట చుస్సుమను చప్పుడు పుట్టును. నల్లని మసి పేరుకొనును. అప్పుడే మార్పింపవలెను. ఒకసారి నలిగిన రాగి గట్టిపడును గాన, విప్పినప్పుడెల్ల క్రొత్తది వేయుట మేలు. పాత వాషరు గుంట అడుగున అంటుకొనియుండవచ్చును. దానిని తీయక రెండవది వేసినచో ఇంజెక్టరు తన స్థానమునకంటె పైన నిలుచును. గుంటను శుభ్రపరచి, రబ్బరు వలయమునకు శుభ్రమైన నూనె రాచి, మెలిపడకుండ దింపి, కంపెనీవారు చెప్పిన బిగువుననే బిగింపవలెను.

వేరొక హెచ్చరిక. 1997లో ఆల్ఫా రోమియో కారుతో వచ్చిన కామన్‌రైలు పద్ధతిలో నూనె ఒత్తిడి వాతావరణపు ఒత్తిడికి 1,300 రెట్లు మించినది. సీలు కాదు, లోపలి లోహభాగములే దానిని భరించును. కావున ఇంజను నడచుచుండగా కారుడును చేతితో తడవి చూడరాదు. సన్నని ధార చర్మమును చీల్చి లోనికి చొచ్చును. గాయము సూదిపోటంతయే కనబడినను ఆలసింపక ఆసుపత్రికి పోవలెను; ఆలస్యమైనచో వ్రేలో చేయియో పోవును. మీ యిండ్ల పడుచువాండ్రకు ఈ సంగతి తప్పక చెప్పుడు.

చిన్న పామునైనను పెద్దకర్రతో కొట్టవలెనని మన పెద్దలనిరి. చిన్న వలయమునైనను పెద్ద శ్రద్ధతో చూడవలెనని నేను మనవి చేయుచున్నాను.