చేపల గుంపుల గగన అన్వేషణ: కృష్ణా ముఖద్వార తీరం

కవళ్ళు, కానాగంతల వంటి చేపలు నీటి పైపొరలో గుంపు కట్టి తిరుగుతాయి. గుంపు పెద్దదైతే ఆ మేర నీరు నల్లబడి, చిన్న విమానంలోంచి చూసేవారికి మచ్చలా కనిపిస్తుంది. అమెరికా తూర్పు తీరంలో మెన్‌హాడెన్ చేపల గుంపును పైలట్ పైనుంచి కనిపెట్టి, రేడియోలో పడవలకు దారి చెప్పే పద్ధతి రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బలపడింది. మన దేశంలో 1970లలో కేరళ వైపు సముద్రంపై విమాన సర్వేలు జరిగాయి. బాపట్ల, రేపల్లె తీరంలో మాత్రం విమానం వేటలో భాగం కాలేదు. డబ్బు లేకనే అనడం తేలిక. అసలు కారణం నీరేనని నా అభిప్రాయం. తెనాలి, రేపల్లె పొలాలను తడిపే కృష్ణ వరద రోజుల్లో ఒండ్రును నిజాంపట్నం వైపు సముద్రంలోకి మోసుకొస్తుంది. బురద నీటిలో చేపల నీడ పై నుంచి ఆనదు. ఇక్కడి వేటగాళ్ళు పక్షులు వాలే చోటును, నీటి రంగును చూసి గుంపును పసిగట్టేవారు. తెలుగు తీరపు చేపల జ్ఞానం ఎంత పాతదో ఒక పేరు చెబుతుంది: 1803లో ప్రకృతి శాస్త్రజ్ఞుడు పాట్రిక్ రస్సెల్ విశాఖ చేపలపై వేసిన గ్రంథంలోని ‘కనగుర్త’ అన్న తెలుగు మాటే ఇప్పటికీ కానాగంత శాస్త్రీయ నామంలో భాగం.

వేటగాళ్ళ కంటికి తోడుగా వచ్చింది విమానం కాదు, ఉపగ్రహం. 1999లో హైదరాబాదులో ఏర్పడిన ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం సముద్ర ఉపరితల ఉష్ణోగ్రతనూ, నాచుజీవుల పచ్చదనాన్నీ ఉపగ్రహ చిత్రాల్లో పరిశీలించి, చేపలు చేరే అవకాశమున్న చోట్లను తీరం నుంచి దూరం, దిక్కు, లోతులతో తెలుగులోనూ చెబుతోంది. ఉపగ్రహం చేపను చూడదు కదా అన్న ఆక్షేపణ నిజమే. అది చేప మేతను చూస్తుంది. మబ్బు పడితే అదీ కనిపించదు, తీరపు బురద పచ్చదనంలా భ్రమపెడుతుంది కూడా. అయినా పడవవారి ఖర్చులో పెద్ద వాటా డీజిలుది. వెతికే మేర తగ్గినా ఆ ఖర్చు తగ్గుతుంది. గుంపు దొరకడం సులువైతే చేప తరిగిపోదా అన్నది ఇంతకంటే బరువైన ప్రశ్న. దానికి ఉపగ్రహం జవాబు చెప్పలేదు, నియమాలే చెప్పాలి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరపడవల వేట ఆగుతుంది. ఆ రోజుల్లో ఈ సూచనలూ వెలువడవు.