వేంగీసీమలో చీనా యాత్రికుడు

క్రీస్తుశకము 7వ శతాబ్దమున దక్షిణాపథమున సంచరించిన చీనా భిక్షువు హుయాన్‌త్సాంగ్ దర్శించిన ఆంధ్రరాజధాని, దెందులూరునకు చేరువనున్న పెదవేగియే యని పండితులు పలువురు తలచెదరు. నేల సారవంతమనియు, ప్రజలు తీవ్రస్వభావులనియు, భాష మధ్యదేశపు భాషకు భిన్నమైనను లిపి యించుమించుగా నొక్కటే యనియు, ఇరువదికి పైబడిన సంఘారామములలో 3,000 మంది భిక్షువు లుండిరనియు అతడు వ్రాసెను.

పరదేశికి మొదట వింతగొలుపునది తిండియే కదా! హిందూదేశీయులు శుచియై గాని భోజనమునకు కూర్చుండరనియు, మిగిలినదానిని మరల వడ్డింపరనియు, చీనావారివలె పుల్లలతో గాక వ్రేళ్లతోనే భుజింతురనియు, మట్టిపాత్రలను వాడి పారవైచి లోహపాత్రలను తోమి మెరుగు పెట్టుదురనియు, పాలు, నేయి, శర్కర, వేపుడు ధాన్యము వారి నిత్యాహారమనియు, ఉల్లి వెల్లుల్లి తినువారిని ఊరి వెలుపలికి పంపుదురనియు అతడు చెప్పిన మాటలు దేశమంతటికి సంబంధించినవి. ఆంధ్రప్రకరణమున తిండి ప్రసక్తి లేదు. ఆ కడపటి నియమమే నేడు చెల్లినచో దెందులూరిలో ఊరి లోపల మిగులువా రెందరో!

ఆంధ్రమున అతని మనసు నిలిచినది బౌద్ధతార్కికుడు దిఙ్నాగుడు హేతువిద్యా (తర్క) గ్రంథమును రచించెనని చెప్పబడిన యేకాంతపు కొండపై. 653లో జపాను నుండి చీనాకు వచ్చిన దోషో యను భిక్షువు హుయాన్‌త్సాంగునకు శిష్యుడై, యోగాచార సిద్ధాంతమును స్వదేశమునకు గొనిపోయెను. ఆ సంప్రదాయమునకు చెందిన నారా నగరపు కోఫుకుజి విహారమున హేతువిద్యాధ్యయనము శతాబ్దములు సాగినది.