కాగితానికెక్కని కవితలు

స్టాలిన్‌ను ఎండగడుతూ పదహారు పాదాల కవిత అల్లాడు రష్యన్ కవి ఓసిప్ మండెల్‌స్టామ్. అది 1933 నవంబరు. కాగితం మీద పెట్టే ధైర్యం ఎవరికుంది? నమ్మకస్తులనుకున్న కొద్దిమందికి నోటితో వినిపించాడు. వాళ్లలోంచే ఆ మాట పోలీసుల దాకా పోయింది. ఆ కవితను అతను తన చేత్తో రాసింది తర్వాత లుబ్యాంకా జైల్లో, విచారణాధికారి ముందు కూర్చుని.

1934 మేలో, పోలీసులు వచ్చిన రాత్రి, మాస్కోలో మండెల్‌స్టామ్ ఇంట్లో కవయిత్రి అన్నా అఖ్మతోవా అతిథిగా ఉంది. ఆమెకు పెట్టడానికేమీ లేక పొరుగువాళ్లను అడిగి ఒక కోడిగుడ్డు తెచ్చారు. తెల్లవార్లూ సోదా. గుడ్డు బల్లమీదే ఉండిపోయింది. వెళ్లేముందు ఏదైనా తినమని అఖ్మతోవా అంటే, అతను కూర్చుని, ఉప్పు చల్లుకుని ఆ గుడ్డు తిన్నాడు. స్టాలిన్ రాజ్యం పేరెత్తితే నాకు ముందు గుర్తొచ్చేది ఇదే.

శిక్షగా చెర్దిన్ అనే ఊరికి పంపితే అక్కడ ఆస్పత్రి కిటికీలోంచి దూకాడు. ప్రాణం దక్కింది. తర్వాత వొరోనెజ్‌లో ప్రవాసం. పని లేదు, చేతిలో డబ్బు లేదు, కవిత్వం మాత్రం పొంగింది. 1937 మొదట్లో స్టాలిన్‌ను కీర్తిస్తూ కూడా ఒకటి రాశాడు. దాన్ని చూపి అతణ్ణి తక్కువ చేసేవాళ్ల మాట నాకు మింగుడుపడదు. మెడ మీద కత్తి పెట్టి రాయించిన కవితకు కవిని నిలదీయడమేమిటి? అదీ కాపాడలేదు. 1938 మేలో మళ్లీ అరెస్టు, ఐదేళ్ల శిక్ష. డిసెంబరు 27న వ్లదివోస్తోక్ దగ్గరి క్యాంపులో కన్నుమూశాడు. నలభై ఏడేళ్లు. భార్య నదేజ్‌దాకు ఆ కబురు చెప్పింది, ఆమె పంపిన పార్సిలు వెనక్కి రావడం.

అతని కవితలు కొన్ని స్నేహితుల ఇళ్లలో దాక్కుని ఉన్నాయి. కానీ సోదాలో దొరికితే కాగితమూ పోతుంది, దాచినవాళ్లూ పోతారు. అందుకే ఆమె అన్నిటినీ కంఠస్థం చేసింది. స్త్రూనినో బట్టల మిల్లులో రాత్రి షిఫ్టు చేస్తూ, యంత్రాల మధ్య తిరుగుతూ, నిద్ర ముంచుకొస్తున్నా వాటిని గొణుక్కునేది. ఒక్క పాదం మరిచినా మళ్లీ అడగడానికి ఎవరున్నారు? అఖ్మతోవాదీ అదే దారి: కొత్త పంక్తులు చీటీ మీద రాసి స్నేహితురాలి చేతికిచ్చేది, గోడలకు చెవులున్నాయని పైకి టీ సంగతో వాతావరణమో మాట్లాడేది, స్నేహితురాలు చదివి గుర్తుపెట్టుకున్నాక చీటీని కాల్చేసేది.

తర్వాత ఏళ్ల తరబడి నదేజ్‌దా ఊరూరా ఇంగ్లిషు పాఠాలు చెప్పుకుంటూ బతికింది. ఆమె జ్ఞాపకాలు 1970లో విదేశాల్లో అచ్చయ్యాయి. సోవియట్ ప్రభుత్వం 1956లో కవిపై రెండో కేసు కొట్టేసింది. మొదటి కేసులోనూ అతను నిర్దోషేనని 1987లో ఒప్పుకుంది. నదేజ్‌దా 1980లోనే పోయింది.