పోలేరమ్మ గుడి నుంచి చేట్‌పట్ దాకా

ఏటా మే 18న హెచ్‌ఐవీ టీకా అవగాహన దినం జరుపుతారు. 1997లో ఆ రోజున అమెరికా అధ్యక్షుడు క్లింటన్ పదేళ్లలో టీకా తేవాలని లక్ష్యం పెట్టాడు. టీకా ఇంకా రాలేదు. దాని కోసం ఏ జబ్బూ లేకుండానే సూదికి చేయి చాచిన వాళ్లు మాత్రం వేలల్లో ఉన్నారు.

మన పల్నాట ఒకప్పుడు మశూచి అంటే అమ్మవారే. గుమ్మాలకు వేపమండలు కట్టి పోలేరమ్మకు చద్ది పెట్టేవారు. ఆ మశూచికే 1802లో బొంబాయిలో అన్నా డస్ట్‌హాల్ అనే మూడేళ్ల పిల్లకు దేశంలో తొలి టీకా పడింది. టీకా వేసిన చోట లేచిన పొక్కు రసాన్నే ఇతరులకు ఎక్కించారు. ఆ పసిదాన్ని ఎవరడిగారు? 1897లో శాస్త్రవేత్త హాఫ్కిన్ మాత్రం ప్లేగు టీకాను ముందు తన ఒంటికే వేసుకున్నాడు.

నాకు ఎంతో ఇష్టమైన ఘట్టం 2006 జనవరిలో చెన్నైలో మొదలైంది. అంతకు ముందు ఏడాదే పుణెలో దేశపు తొలి హెచ్‌ఐవీ టీకా పరీక్ష జరిగింది. రెండోది చేట్‌పట్‌లోని క్షయ పరిశోధన కేంద్రంలో. టీకా పేరు టీబీసీ-ఎం4. మశూచి టీకాలో వాడిన జాతి వైరస్‌నే కోడిపిండం కణాల్లో 500 సార్లకు పైగా పెంచి నీరసపరిచి, మన దేశంలో తిరిగే హెచ్‌ఐవీ రకం జన్యువుల ముక్కలు అందులో కూర్చారు. ముక్కలే కాబట్టి దానివల్ల జబ్బు రాదు. పోలేరమ్మను సాగనంపిన సరుకే ఈ కొత్త మహమ్మారి మీదికి దిగింది!

32 మంది ఆరోగ్యవంతులు ముందుకొచ్చారు. ఎవరికి టీకా, ఎవరికి టీకా లేని ఉత్తి సూది అన్నది వాళ్లకూ తెలియదు, సూది వేసే డాక్టరుకూ తెలియదు. అసలు భయం సూదిది కాదు. టీకాతో ఒంట్లో యాంటీబాడీలు పుడితే, జబ్బు లేకపోయినా మామూలు హెచ్‌ఐవీ పరీక్షలో ‘పాజిటివ్’ అని రావచ్చు. పెళ్లి సంబంధం దగ్గరో, ఉద్యోగం దగ్గరో ఆ మాట బయటపడితే? అన్ని కులాలనూ కలిపి కూర్చోబెట్టి చాపకూడు పెట్టిన బ్రహ్మనాయుడి పల్నాటి సీమలోనే ఈ జబ్బున్న వాళ్లకు కంచం వేరు చేసిన ఇళ్లున్నాయి. ఆ సంగతి తెలిసీ ముందుకొచ్చిన వాళ్ల తెగువ నాకు పల్నాటి యుద్ధంలో పోరాడిన కారెంపూడి వీరుల తెగువకు తక్కువనిపించదు.

టీకా సురక్షితమని తేలింది, జబ్బును ఆపే దశకు చేరలేదు. 2009లో థాయిలాండ్‌లో 16 వేల పైచిలుకు మందితో జరిగిన పరీక్ష 31 శాతం రక్షణ చూపింది. దాన్ని నమ్ముకుని దక్షిణాఫ్రికాలో మొదలెట్టిన పరీక్షను ఫలితం లేక 2020లో ఆపేశారు.

ఈలోగా మన ఖమ్మం జిల్లాలో 2009లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా అధ్యయనం పేరుతో వేల మంది బాలికలకు సూదులు వేశారు. చాలామంది తరఫున హాస్టల్ వార్డెన్లే సంతకాలు పెట్టారు. 2010లో దాన్ని ఆపారు, 2013లో పార్లమెంటు సంఘం గట్టిగా తప్పుపట్టింది. చేట్‌పట్‌లో మనుషులు తెలిసి చేయి చాచారు. ఖమ్మంలో పిల్లల చేతుల్ని ఇతరులు చాచారు. ఈ రెంటినీ ఒకే గాట కట్టడం నాకు నచ్చదు.

రేపు గుంటూరుకో, నరసరావుపేటకో ఇలాంటి పరీక్ష వస్తే, కాగితం మొత్తం తెలుగులో చదివి వినిపించమనండి. సంతకం పెట్టాక కూడా, ఏ రోజైనా వద్దనిపిస్తే కారణం చెప్పకుండానే వచ్చేయొచ్చు.